నొప్పి మొదలైన గంట

ఫిబ్రవరి 3, 1966. గురువారం. బెల్లంపల్లి.

ఉదయం 6.20కి కుళాయి దగ్గర బిందె ఎత్తుతుంటే రొమ్ము మధ్య నొప్పి. బండ పెట్టి అదిమినట్టు. ఎడమ దవడ దాకా పాకింది. చొక్కా తడిసేంత చెమట. ఏడు దాకా గడపలోనే కూర్చున్నాను.

ఎదురింటి శంకరవ్వ చూసింది. పంతులూ, మొఖం సున్నం లెక్కయింది, దవాఖానకు నడువు అంది. గ్యాస్ అన్నాను. వాము నీళ్ళు కాచి ఇచ్చింది. గంత సదువుకున్నోనికి గింత మొండితనమెందుకు అని గొణుక్కుంటూ పోయింది.

దవాఖానలో రక్తం తీసేది దేవదాస్. వాడి చేతికి నా చేయి అందించే కంటే ఈ గడపలో పోవడం మేలు. 1951లో నేను హెడ్మాస్టర్ని. పరీక్ష తప్పుతాడని వాడి మెట్రిక్ ఫారం మీద సంతకం పెట్టలేదు. ఏడాది పోయింది వాడికి. తర్వాత ప్రైవేటుగా కట్టి ఫస్ట్ క్లాసు తెచ్చుకున్నాడు. ఇప్పటికీ బజారులో కనిపిస్తే చేతులు కట్టుకుని నమస్తే సార్ అంటాడు. అది గౌరవం కాదు, ఎత్తిపొడుపు.

ఫిబ్రవరి 5

నొప్పి లేదు. రెండు మెట్లెక్కితే ఆయాసం. ఎవరూ రాలేదు.

ఫిబ్రవరి 8. మంగళవారం.

శంకరవ్వ రిక్షా పిలుచుకొచ్చింది. ఇగ నువ్వు ఎక్కకపోతే నేనే ఎత్తి పడేస్త అంది. ఎక్కాను.

డాక్టరు మలయాళీ. తెలుగు రాదు. నాతో ఇంగ్లీషులో మాట్లాడాడు. ఈ ఊళ్ళో నా ఇంగ్లీషు విన్న మనిషి ఇతడొక్కడే. ఈ.సి.జి.లో ఏదో పాత లోపం అడ్డొస్తోంది, గీతలను బట్టి తేల్చలేం అన్నాడు. గుండె కండరం దెబ్బతింటే అందులోని ఎంజైమ్ రక్తంలోకి కారుతుందట. పేరు ఎస్.జి.ఓ.టి. రక్తం నుంచి తీసిన సీరం హైదరాబాద్ లాబొరేటరీకి రైల్లో పోవాలి.

నొప్పి ఎప్పుడు మొదలైంది అని అడిగాడు. పక్కనే దేవదాస్ కాగితం మీద రాసుకుంటున్నాడు. గురువారం అంటే ఐదు రోజులు ఎందుకు రాలేదో వాడికి అర్థమవుతుంది. నిన్న ఉదయం అన్నాను.

దేవదాస్ సూది గుచ్చినట్టే తెలియలేదు. ఆ సంగతి కూడా కోపం తెప్పించింది.

జమ్మికుంటలో పత్తి వ్యాపారం చేసే తమ్ముడు కైలాసానికి టెలిగ్రాం ఇచ్చాను. హార్ట్. స్టార్ట్ ఇమ్మీడియెట్లీ.

ఫిబ్రవరి 10

ఎస్.జి.ఓ.టి. 32. నలభై దాకా నార్మల్. నొప్పి వచ్చిన మర్నాడే తీసిన రక్తంలో ఇంతే ఉంటే గుండెకు ఏమీ కాలేదు, లేచి తిరగండి అన్నాడు డాక్టరు.

కైలాసం నిన్నటి నుంచి ఇక్కడే ఉన్నాడు. కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. పోయినేడు కడుపుల పుండన్నవ్, గీయేడు గుండె, వచ్చేయేడు ఏంది అన్నా, జర ముందుగాల జెప్పు, నా పని జూసుకొని వస్త అన్నాడు. బాపు ఉన్నప్పుడు సుత గిట్లనే జ్వరమని పండుకుంటివి అన్నాడు. అప్పుడు నాకు టైఫాయిడ్. దాన్ని కూడా నమ్మలేదు వీడు. నలభై ఐదేళ్ళయింది.

మధ్యాహ్నం పాసింజరుకు పోయాడు.

సాయంత్రం.
బిందె మోసుకొచ్చాను. దారిలో మూడుసార్లు దించాను.

ఫిబ్రవరి 11

ఊళ్ళో రీడింగ్ రూములో, బదిలీ అయిపోయిన డాక్టరెవరో వదిలేసిన ఇంగ్లీషు వైద్య పత్రికలున్నాయి. వాటికి దుమ్ము దులిపే పాఠకుణ్ణి నేనే. వెతికాను. ఒక గ్రాఫ్ దొరికింది. ఎస్.జి.ఓ.టి. ఆరేడు గంటలకు లేస్తుంది, రెండో రోజుకు శిఖరం, ఐదో రోజుకల్లా మామూలుకు దిగిపోతుంది.

నా రక్తం తీసింది ఆరో రోజు.

అంకె తప్పు కాదు. నేను చెప్పిన తేదీ తప్పు. లేచి తిరగమన్న సలహా కూడా ఆ తేదీకి ఇచ్చిందే. దెబ్బ నిజమైతే రేపో ఎల్లుండో బిందెతో పాటు పడతాను.

ఎల్.డి.హెచ్. అని ఇంకొకటి ఉంది. అది పది రోజులు, ఒక్కోసారి రెండు వారాలు దిగదట. ఇవాళ్టికి తొమ్మిది.

ఫిబ్రవరి 12

డాక్టరు వినలేదు. మొన్నేమో నొప్పి ముందురోజు వచ్చిందన్నారు, ఇవాళ గురువారం అంటున్నారు, నార్మల్ అంటే నచ్చని పేషెంట్లు ఇలాగే కొత్త కథ తెస్తారు అన్నాడు. రుజువు ఏదీ అన్నాడు.

రుజువు ఒక్కటే. ఈ డైరీ. గంటతో సహా రాసి ఉన్న పేజీ అదొక్కటే. ఆ పేజీలో ఇంకా ఏముందో నాకు తెలుసు. డాక్టరుకు తెలుగు రాదు. చదివి చెప్పాల్సింది దేవదాస్.

చించి సగం ఇద్దామా అనుకున్నాను. చించిన కాగితాన్ని ఎవరు నమ్ముతారు?

ఇచ్చాను. నిలబడే చదివాడు. పేజీ చివరిదాకా చదివాడు, నా కళ్ళెదుటే. తర్వాత ఇంగ్లీషులో చెప్పాడు, గురువారం, ఉదయం ఆరూ ఇరవై, నీళ్ళు ఎత్తుతుంటే, దవడ దాకా, చెమట. కింద ఇంకా చాలా ఉందే అని అడిగాడు డాక్టరు. అది ఇంటి సంగతి సార్, రోగం సంగతి కాదు అన్నాడు దేవదాస్.

వాడి ఇంగ్లీషు బాగుంది.

డాక్టరు ఎల్.డి.హెచ్.కు చీటీ రాశాడు. దేవదాస్ పుస్తకం మూసి రెండు చేతులతో ఇచ్చి, చొక్కా చెయ్యి పైకి మలవుండ్రి సార్ అన్నాడు.

ఫిబ్రవరి 15

ఎల్.డి.హెచ్. 910. ఐదు వందలు దాటకూడదు. గుండె కండరం కొంత చచ్చిపోయింది. మూడు వారాలు మంచం దిగకూడదు. డాక్టరు నాకు సారీ చెప్పాడు. తేదీ అబద్ధం చెప్పింది నేను.

నా మాటే నిజమైంది. కైలాసానికి రెండు అంకెలూ తేదీలతో కార్డు రాశాను. శంకరవ్వ పోస్టులో వేసి వచ్చింది. గుండె చెడిందంటె గింత సంబురపడెటోన్ని నేనేడ జూడలే అంది.

ఎవరికి చూపించాలి ఈ కాగితం? ఆమె చూసింది. ఆమెకు చదువు రాదు.

ఫిబ్రవరి 16

రోజూ డ్యూటీకి పోయే ముందు దేవదాస్ వచ్చి నాడి చూస్తానన్నాడు. వద్దని చెప్పాను. వచ్చాడు.

ఫిబ్రవరి 18

సార్ చేతితోని ఏమీ రాయొద్దని డాక్టర్ చెప్పిండు. సార్ చెప్తుంటే నేను రాస్తున్న. నాడి 88. గంజి సగం తాగిండ్రు. జమ్మికుంట నుంచి జాబు రాలే. 1951ల ఫారం సంగతి ఒకటి చెప్పి, గిది సుత రాయి అన్నరు. మళ్ళ చెప్పిండ్రు. అది రాయలే.

దేవదాస్.