మేస్త్రీ సమాధికి మూడు బస్తాల ఉప్పు

ఆళ్లగడ్డ,
ఫిబ్రవరి 9.

ప్రియమైన లూదియాకు,

జేజి దీవెనలు. ఫోను ఉండగా ఉత్తరమేంది అని నవ్వుకుంటావని తెలుసు. ఫోనులో నువ్వు అన్నిటికీ "ఊఁ జేజీ" అంటావు. కాగితం మీద ఊఁ అని రాయాలంటే మనిషికి కాస్త సిగ్గేస్తుంది. అందుకని.

సంగతి మీ తాతది. పోయి నాలుగేళ్లయినా మనిషి కుదురుగా లేడు. సమాధి మళ్లీ వాలింది. సమాధుల తోటది అచ్చంగా నల్లరేగడి నేల. వానకు పొంగుతుంది, ఎండకు నోరు తెరుస్తుంది. మొన్న సమాధి పక్క బీటలో చేయి పెడితే మోచేతి దాకా దిగింది. మీ తాత దగ్గర పని నేర్చిన సాల్మన్ రాజు చేత రెండుసార్లు సిమెంటు పోయించి నిలబెట్టాను. రెండుసార్లూ వానాకాలం రాగానే పడమటికి ఒరిగింది. ఊళ్లో సగం గోడలకు తూకంగుండు వేసిన సుందరరాజు మేస్త్రీ, తన తలరాయి మాత్రం నిటారుగా నిలబెట్టుకోలేకపోయాడని జనం నవ్వుతున్నారు.

పోయిన ఈస్టరు తెల్లవారుజామున ప్రార్థన మధ్యలో ఒక పాత సమాధి మీది సిలువ విరిగి పడింది. ఎవరికీ తగల్లేదు కానీ చర్చి కమిటీకి పని దొరికింది. వాలిన సమాధులన్నీ తీసేసి నేల చదును చేస్తారట. సెక్రటరీ స్టీఫెన్ ఇంటికొచ్చాడు.

"టీచరమ్మా, పేరు రాసిన రాయి ప్రహరీగోడకు అంటిస్తాంలే. పెద్దాయన్ని మర్చిపోతామా?"

"గోడలు కట్టినోణ్ణి గోడకు అంటిస్తావా, అప్పా?"

"అట్లగాదమ్మా. సరే, మళ్లా కట్టుకో. ఒక్క వానాకాలం కదలకుండా నిలబడిందంటే మేం ముట్టుకోం. నవంబరులో కమిటీ వచ్చి చూస్తాది."

ఆ మాట కాగితం మీద రాయించుకున్నాను.

నువ్వేమో నంద్యాలలో ఎం.టెక్. పేరుతో రేగడిమట్టిలో ఉప్పు కలిపి చూస్తున్నావని మీ నాయన చెప్పాడు. చారులో వేయడం మరిచే పిల్ల మట్టిలో వేస్తోందా అనుకున్నాను. సమాధి పక్కన తవ్విన మట్టి బిస్కెట్ల డబ్బాలో పోసి బస్సు పార్సిల్లో పంపుతున్నాను. మూడు ప్రశ్నలు. ఉప్పు వేస్తే ఈ మట్టి పొంగడం మానుతుందా? ఎంత వేయాలి? వాననీళ్లు తగిలినాక కూడా మానే ఉంటుందా? మూడింటికీ జవాబు రాయి.

నీ తాతను నిలబెట్టకుండా వదలని
జేజి ఎలిజబెత్

నంద్యాల,
మార్చి 2.

ప్రియమైన జేజికి,

వందనాలు. నీ డబ్బా చేరింది. మూత తీయగానే హాస్టల్లో పిల్లలు బిస్కెట్లనుకుని ఎగబడినారు. తాత మట్టి అని చెప్పినాక నా మంచం దగ్గరికి ఎవరూ రావడం లేదు. ప్రశాంతంగా ఉంది.

మొదటి ప్రశ్నకు జవాబు: మానుతుంది జేజీ! మట్టిని ఆరబెట్టి, పొడి కొట్టి, గీతలున్న గాజు గొట్టంలో నీళ్లు పోసి వేసినాను. పది గీతల మట్టి ఒక రోజులో ఇరవై ఒకటి దాకా పొంగింది. మా గైడు శశిధర్ సారే "యాడిదమ్మా ఈ మట్టి?" అని ఆశ్చర్యపోయినాడు. నూరు పాళ్ల మట్టికి ఆరు పాళ్ల మామూలు ఉప్పు కలిపి మళ్లీ చూస్తే పధ్నాలుగు దగ్గరే ఆగిపోయింది. ఉత్త రేగడి రేణువులు నీళ్లు తాగి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఉప్పు తగిలితే ముద్దకట్టుకుని అంత నీటిని లోపలికి రానీయవు. దిమ్మిస కొడితే గట్టిగా కూడా అణుగుతుంది.

రెండో ప్రశ్న: సమాధి కిందంతా రెండడుగుల లోతు లెక్కేస్తే మూడు బస్తాలకు కాస్త తక్కువ పడుతుంది. అంతకన్నా లోతుకు పోవద్దు, తాతను కదిలించొద్దు. ఇనుప కడ్డీలు అసలే వద్దు, ఉప్పుకు తుప్పు పడతాయి.

ల్యాబు తలుపు మూసే వేళయింది. మిగతాది తర్వాత రాస్తాను.

నీ ముద్దుల
లూదియా

ఆళ్లగడ్డ,
ఏప్రిల్ 12.

ప్రియమైన లూదియాకు,

పని అయిపోయింది. మీ తాత ఈస్టరు పండుగకు నిటారుగా నిలబడ్డాడు. పెళ్లిలో కూడా ఇంత బాగా నిలబడలేదు.

ఉప్పు కోసం అనంతయ్య కొట్టుకు పోయాను. మూడు బస్తాలు అనేసరికి ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఏంది టీచరమ్మా, ఊరందరికీ నువ్వే ఆవకాయ పెడతాండావా?"

"మా ఆయనకు."

పాపం, ఆ మనిషి తానే దగ్గరుండి ఆటోలో ఎక్కించాడు. సాయంత్రానికి ఊళ్లో కొత్త మాట పుట్టింది: టీచరమ్మ మొగుడికి ఉప్పుపాతర వేస్తోందని. బతికుండగా ఎన్నిసార్లు అలా బెదిరించానో ఇరుగుపొరుగుకు తెలుసు కాబట్టి ఎవరూ పెద్దగా తప్పుపట్టలేదు.

సమాధి విప్పి, రెండడుగులు తవ్వి, మట్టి పొడి చేసి, ఉప్పు కలిపి, నీళ్లు చిలకరిస్తూ వరసకొక జానెడు చొప్పున దిమ్మిస కొట్టారు. నేను గొడుగేసుకుని కుర్చీలో కూర్చుని ప్రతి వరసా చూశాను. స్టీఫెన్ అటుగా వచ్చి, "ఇంత ఉప్పేస్తే ఇంక ఈడ గడ్డి గూడా మొలవదు టీచరమ్మా" అన్నాడు. మా ఆయన మీద ఏం మొలవాలని నీ కోరిక అని అడిగాను. వెళ్లిపోయాడు. వాళ్ల నాయన సమాధి మా పక్కదే. అది జానెడు వాలి ఉంది. సెక్రటరీ కాబట్టి అటు చూడడు.

సాల్మన్ రాజు మధ్యలో, "చుట్టూ బండ గూడా పరుద్దాం పెద్దమ్మా, మేస్త్రీ ఎప్పుడూ..." అని ఏదో మొదలుపెట్టాడు. సైన్సు మీద నమ్మకం లేని మనిషి. నోరు మూయించాను.

మిగతాది తర్వాత రాస్తానన్నావు. మూడో ప్రశ్న అలాగే ఉంది. నీళ్లు పోసి చూశావా?

జవాబు కోసం చూస్తూ,
జేజి

నంద్యాల,
జులై 20.

ప్రియమైన జేజికి,

ఆలస్యానికి కోపపడొద్దు. పరీక్షలు, ల్యాబు, మధ్యలో జ్వరం. ఇప్పుడు బాగున్నాను. మా పని చూసి శశిధర్ సారు సంతోషంగా ఉన్నాడు. నవంబరులో థీసిస్ ఇవ్వాలి.

ఆడ వానలు ఎట్లున్నాయి? సమాధి దగ్గర నీళ్లు నిలుస్తాండాయా? ఎన్ని రోజులు నిలుస్తాండాయి? తప్పకుండా రాయి.

మోకాళ్లకు నూనె రాసుకో. మహానంది పోయి వచ్చిన స్నేహితురాలు అరటిపండ్లు తెచ్చింది, నిన్ను తలుచుకుని రెండు తిన్నాను.

నీ
లూదియా

ఆళ్లగడ్డ,
ఆగస్టు 12.

ప్రియమైన లూదియాకు,

మోకాళ్ల గురించి రాశావు, అరటిపండ్ల గురించి రాశావు. ముప్పై మూడేళ్లు ఆడపిల్లల బళ్లో సైన్సు పేపర్లు దిద్దాను. రాని ప్రశ్నను వదిలేసిన పిల్ల పక్క ప్రశ్నకు నాలుగు పేజీలు ఎక్కువ రాస్తుంది. వదిలేసిన ప్రశ్న ఎక్కడుందో నాకు ఇట్టే కనబడుతుంది.

నీ ప్రశ్నకు నా జవాబు తీసుకో. వానలు బాగా పడ్డాయి. నీళ్లు ఒక్కోసారి మూడు రోజులు నిలిచాయి. మొన్న ఆదివారం ప్రార్థన అయినాక మీ తాత తూకంగుండు పట్టుకుని పోయాను. తలరాయి పైనుంచి దారం వదిలితే అడుగున వేలెడు ఎడం వచ్చింది. పడమటికే.

ఎవరికీ చెప్పలేదు. నవంబరుకు మూడు నెలలుంది. ఇలాగే పోతే స్టీఫెన్‌కు గడ్డపార తెచ్చుకోవడం తప్ప పని ఉండదు.

మూడోసారి అడుగుతున్నాను. నీళ్లు పోసి చూశావా?

జేజి

నంద్యాల,
ఆగస్టు 19.

ప్రియమైన జేజికి,

చూసినాను. ఏప్రిల్లోనే చూసినాను.

ఉప్పు కలిపిన మట్టిలోంచి ఐదుసార్లు మంచినీళ్లు పారించి, ఆరబెట్టి, మళ్లీ గొట్టంలో వేసినాను. పధ్నాలుగు దగ్గర ఆగిన మట్టి పంతొమ్మిదికి పోయింది. ఉప్పు నీళ్లతోబాటే బయటికి పోతుంది జేజీ. అది పోయినాక రేగడి మళ్లీ రేగడే.

సారుకు చూపించినాను. "ఇది మన పనిలో భాగం కాదు కదమ్మా, పక్కన పెట్టు" అన్నాడు. పెట్టేసినాను. అదే రోజు హాస్టలుకు వస్తే నీ ఉత్తరం ఉంది. మూడు బస్తాలు వేసినావని, తాత నిటారుగా నిలబడినాడని. ఎంత సంతోషంగా రాసినావో! అప్పుడు చెప్పి ఏం లాభం అనుకున్నాను. వానలు తక్కువ పడితే గట్టెక్కుతుందేమోనని రోజూ ఫోనులో ఆళ్లగడ్డ వాతావరణం చూసేదాన్ని. వాన పడకూడదని కోరుకున్నాను జేజీ, రైతుల ఊళ్లో పుట్టి.

తప్పు నాది. ఆ పరీక్ష ఇప్పుడు ఐదుసార్లు కాదు, పదిసార్లు కడిగి మళ్లీ చేస్తాను. థీసిస్‌లో ఒక అధ్యాయంగా పెడతాను. సారు వద్దన్నా పెడతాను. ఈ శనివారం బస్సెక్కి వస్తాను. నేనే పార పట్టి తవ్వుతాను, వేరే ఏదైనా కలుపుదాం.

క్షమించు.

నీ
లూదియా

ఆళ్లగడ్డ,
నవంబరు 16.

ప్రియమైన లూదియాకు,

ఆగస్టులో నిన్ను రావద్దని ఫోనులో రెండు ముక్కల్లో చెప్పి పెట్టేశాను. కోపమనుకుని ఉంటావు. కొంత కోపమే. మిగతాది ఏమిటో ఇప్పుడు రాస్తున్నాను. ఇది ఫోనులో చెప్పే మాట కాదు.

నేనూ ఒక ప్రశ్న వదిలేశాను. నాలుగేళ్ల కిందట.

మీ తాత మంచాన పడ్డాక ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి చెప్పాడు: "ఎలిజబెత్తూ, నాకు సమాధి కడితే చుట్టూ మూడడుగులు బేతంచెర్ల బండ పరిపించు. బయటికి కాస్త వాలుగా. నీళ్లు మొదట్లోకి దిగనీయొద్దు. రేగడిలో గుట్టు అంతే."

"చచ్చినాక గూడా మేస్త్రీ పనేనా? నోరు మూసుకుని మందేసుకో" అన్నాను.

ఆ మనిషి తన సమాధి గురించి మాట్లాడుతుంటే వినలేకపోయాను. మందేసుకుని పడుకున్నాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. పోయినాక సాల్మన్ రాజు బండ సంగతి అడిగితే అక్కర్లేదన్నాను. ఒప్పుకుంటే ఆ మధ్యాహ్నం గుర్తొస్తుంది. సమాధి వాలిన ప్రతిసారీ మట్టిని తిట్టాను, సిమెంటును తిట్టాను. తర్వాత నీ ఉప్పు దొరికింది. ఎంత ఆనందమో! బండ తప్ప ఏదైనా సరే నాకు.

నీ ఉత్తరం చదివిన సాయంత్రం సాల్మన్ రాజుకు కబురు పెట్టాను. తెల్లారేసరికి ట్రాక్టరు నిండా బండలతో దిగాడు.

"ఇంత తొందరగా యాడ దొరికినాయిరా?"

"ఏప్రిల్లోనే తెప్పించి మా ఇంటెనక పేర్చి పెట్టినా పెద్దమ్మా. ఎప్పుడో ఒకప్పుడు పిలుస్తావని."

ఆ రోజు నేను గొడుగు పట్టుకోలేదు. మొహం తడిసినా వాన అనుకుంటారని.

వాన తెరిపిచ్చిన రెండు రోజుల్లో బండ పరిచి, సందులు పూడ్చాం. వాలినదాన్ని మళ్లీ లేపలేదు. వేలెడు అలాగే ఉంచాను. ఆ తర్వాత ప్రతి ఆదివారం తూకంగుండు వేశాను. పదకొండు వారాల కొలతలు ఇందులో పెడుతున్నాను. వేలెడు, వేలెడు, వేలెడు. దారం మందం కూడా మారలేదు.

నిన్న కమిటీ వచ్చింది. స్టీఫెన్ కాగితం తీసి చదివాడు, "కదలకుండా" అన్నచోట ఆగాడు.

"వేలెడు వాలింది గదా టీచరమ్మా."

"వాలింది. ఆగస్టు లోపల. ఉప్పు వాననీళ్లకు కొట్టుకపోయింది. మా మనవరాలు పరీక్ష చేసి చెప్పింది. బండ పరిచినాక కదల్లేదు. ఇవిగో కొలతలు. నీ కాగితం ప్రకారం నేను ఓడిపోయినట్టే. గడ్డపార తెచ్చినావా?"

స్టీఫెన్ కొలతల కాగితం రెండుసార్లు చదివాడు. తర్వాత మొదటిసారి పక్క సమాధి వైపు చూశాడు.

"ఆ బండ మా నాయనకు గూడా పరిస్తే... నిలబడతాదా, టీచరమ్మా?"

నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. ఇంకో వానాకాలం చూసేదాకా ఎవరి సమాధీ తీయకూడదని అక్కడికక్కడే తీర్మానం రాసుకున్నారు. పదకొండు సమాధులకు బండలు. సాల్మన్ రాజుకు సంక్రాంతి దాకా పని.

థీసిస్‌లో ఇది కూడా రాయి. ఉప్పు మట్టిని మార్చే మాట నిజం. నీళ్లు పారేచోట అది నిలవదన్న మాటా నిజం. మా సమాధిని ఇప్పుడు పట్టుకుని ఉన్నది మిగిలిన ఉప్పో, బండో నాకు తెలియదు. తెలియదనే రాయి. స్టీఫెన్ వాళ్ల నాయనకు ఉప్పు లేకుండా బండ ఒక్కటే వేయిస్తున్నాను. వచ్చే నవంబరుకు తేలుతుంది. నీ కడిగిన లెక్కలు చూసి శశిధర్ సారు కాగితాలు రెండు రోజులు తన దగ్గరే ఉంచుకున్నాడట, మూడో రోజు "గ్రాఫు సరిగ్గా గియ్యమ్మా" అన్నాడట. మీ నాయన చెప్పాడు. మంచి మేస్టరే. కొంచెం నెమ్మది.

నా సంగతంటావా, తొందరేం లేదు. వచ్చే నవంబరు దాకా ఆదివారం ఆదివారం కొలతలు తీసే పనుంది. ఆ తర్వాత ఎప్పుడైనా సరే, ముందు నా చుట్టూ బండ పరిపించు. నేను నోరు మూసుకోమన్నా వినొద్దు. ఉప్పు నీ ఇష్టం.

వేలెడు వాలిన మేస్త్రీ భార్య,
నీ జేజి