పడిన నీలం

రేణుకక్కకు,

ఫోన్లో చెప్పడానికి నోరు రాక రాస్తున్నాను. బావ పోయాక ఆయన నీలం ఉంగరం నాకిచ్చి, "తలగడ కింద పెట్టుకోని పడుకోరా. పీడకలలు రాకపోతే నీకు పడినట్టే, ఏసుకో" అన్నావు. కలలు రాలేదు, వేసుకున్నాను.

మొన్న నువ్వు "నీలం పడిందారా?" అని అడిగితే, నీకెలా తెలిసిందోననుకుని "పడిందక్కా" అన్నాను. నువ్వు సంతోషంతో ఏడ్చావు. "మీ బావది నీకు అచ్చొచ్చింది, శని వదిలినాడురా" అన్నావు. నేను ఫోన్ పెట్టేశాను.

శనివారం నా చెయ్యి చూడటానికి ఆత్మకూరు నుంచి వస్తానన్నావు. దెబ్బ తగిలిందని చెబుదామని వేలికి గుడ్డ చుట్టుకున్నాను. సిగ్గేసి విప్పేశాను.

పడిందన్నది అబద్ధం కాదక్కా. ఇనుముతో గీసినా గీత పడదని బావ మురిసిపోయిన రాయి, గొర్రెలకు నీళ్లు తోడుతుంటే వేలి నుంచి జారి బావిలో పడింది.

నీకు ముఖం చూపలేని
తమ్ముడు, మర్రిపాడు