పులిబండ కాడ ఆనిన కాలు

గాంధీనగర్, బళ్ళారి
ఆగస్టు 4

నారపగారికి, కురుగోడు కొండ సైకిల్ సంఘం కార్యదర్శి సీతారామారావు నమస్కరించి తెలియజేయునది.

సంఘం ముందుకు ఒక కొత్త మాట వచ్చింది. బ్యాటరీ సైకిళ్ళను, అంటే మనం తొక్కుతుంటే మోటారు సాయం పట్టే వాటిని, మన కొండదారిలోకి రానివ్వాలా వద్దా? సభ్యులందరూ అభిప్రాయం రాసి పంపాలి. వాట్సాప్‌లో వద్దు. పోయినసారి హెల్మెట్ రంగు మీద మొదలైన మాట తాతల దాకా పోయి, ముగ్గురు గ్రూపు వదిలేశారు. అందుకే గొడవ ఏదైనా కాగితం మీదే అనుకున్నాం కదా. కోపం పోస్టు డబ్బా దాకా నడిచేసరికి సగం చల్లారుతుంది.

ఓటు ఈ నెలాఖరున. కార్యదర్శిని కనుక నాకు ఓటు లేదు. మిగతా పదకొండుమందీ వేయాలి.

ఇట్లు,
సీతారామారావు

తా.క.: ఇది నలభయ్యేళ్ళ స్నేహితుడిగా రాస్తున్నది. మొన్న ఆదివారం పులిబండ మలుపులో మళ్ళీ నువ్వే ముందు కాలు ఆనించావు. కొండెక్కుతూ మొదట కాలు నేలకానించినవాడు అందరికీ బొరుగుల ఒగ్గాణి, మిర్చిబజ్జీ పెట్టించాలని రూలు. రెండేళ్ళుగా నువ్వే పెట్టిస్తున్నావు. అంగడి హొన్నూరమ్మ నీ మోకాలు ఇలాగే ఉండాలని దేవుడికి మొక్కుకుందట.


కురుగోడు
ఆగస్టు 9

సీతారామప్పకు నారప కోపంగా రాసేదేమంటే,

పోస్టు డబ్బా మా ఇంటి ఎదురుగానే ఉండాది. కాబట్టి నా కోపం చల్లారేదానికి దారే లేదు.

బ్యాటరీ సైకిలంట! దాన్ని సైకిలనేది దేనికప్పా? పెడళ్ళున్న మోపెడ్డది. మనం కొండెక్కేది ఎందుకు? తొడలు మండాల, నోరెండాల, పైకి పోయినాక గాలి తగిలితే అమ్మయ్యా అనాల. మోటారు లాక్కపోతే ఆ గాలికి రుచి యాడిది? మన సంఘంలో హులిగేశ్ కూడా ఇదే అంటాండాడు. దాని బరువు ఇరవై ఐదు కిలోలంట. రాళ్ళ మీద ఎత్తి దాటించాలంటే ఇద్దరు మనుషులు కావాల. సగం దారిలో బ్యాటరీ అయిపోతే ఎవురు మోస్తారు? చక్రం గిర్రున తిరిగి దారంతా గుల్లయితాది. పార పట్టుకొని మన చేతుల్తో చేసుకున్న దారప్పా అది!

ఇంతకీ ఇది కావాలన్న సోమరి ఎవుడు? లారీలున్నోళ్ళ పిల్లోడు జీవనేనా? పేరు చెప్పు.

ఇట్లు,
నారప

తా.క.: మా ఇంటామె రామసుబ్బమ్మ, "ఆ మోటారుతో మజ్జిగ చిలకొచ్చునా? అట్లయితే రెండు కొందాం" అంటాది. ఆమెకు ఓటు లేదు కాబట్టి బతికిపోతిమి.


గాంధీనగర్
ఆగస్టు 15

నారపకు, సీతారామారావు ఓపికగా రాసేది.

జీవన్ కాదు. పాపం, వాడు నీ వైపే. "డబ్బు పెట్టి కాళ్ళు కొనుక్కుంటే కొండెక్కింది నేనెట్లవుతాను" అని రాశాడు. టీచరు హేమ మాత్రం కావాలంటోంది. దిగేటప్పుడు ఏ సైకిలైనా ఒకటే, ఎక్కేటప్పుడే తేడా, మోకాళ్ళ నొప్పులతో మానేసిన వాళ్ళక్క మళ్ళీ వస్తుంది అంటోంది. అది మోసం ఎలా అవుతుంది, మనం పందెం కట్టామా అని కూడా అడిగింది.

ఇది అడిగింది ఒక సభ్యుడి కోసం. వయసు అరవై దాటింది. కొండ మానేస్తే ఆయన బతకలేడు. ఇలాగే ఎక్కితే ఎక్కువకాలం ఎక్కలేడు. పేరు రాయను.

ఉంటాను,
సీతారామారావు

తా.క.: ఓటు వేసే ముందు నీ కాలిని కూడా ఒక మాట అడుగు.


కురుగోడు
ఆగస్టు 20

కార్యదర్శిగారికి,

అరవై దాటినోళ్ళు సంఘంలో ఇద్దరే. నువ్వు, నేను. రెండేళ్ళలో నువ్వు ఒక్కసారన్నా ముందుగా కాలు ఆనిచ్చలేదు. అంటే ఆ కుంటోణ్ణి నేనే! నలభయ్యేళ్ళ స్నేహానికి ఇదా నువ్వు చేసే మర్యాద? నా పేరు రాయకపోతే నాకు తెలియదనుకుంటివా? హొన్నూరమ్మకు కూడా తెలుస్తాది.

నేను ఇంటింటికీ తిరిగి ఓట్లు అడుగుతాండా. ఇంకొక మాట కూడా ఓటుకు పెట్టు. ఓడిపోయిన మాటను రెండేళ్ళ దాకా ఎవురూ మళ్ళా ఎత్తగూడదు. లేకుంటే నువ్వు నెలకొకసారి నన్ను కుంటోణ్ణి చేస్తావు.

నారప

తా.క.: నా కాలిని అడిగినా. నిన్ను ఒక మాట అనింది. కాయితం మీద రాసేది కాదు.


గాంధీనగర్
సెప్టెంబరు 1

నారపా,

ఓట్లు లెక్కపెట్టాను. వద్దన్నవి ఆరు, కావాలన్నవి అయిదు. నువ్వొక్కడివి ఇటు వేసి ఉంటే గెలిచేది. రెండేళ్ళ రూలు కూడా నెగ్గింది. రెండింటి కిందా సంతకం పెట్టేశాను.

ఇప్పుడు చెప్పేస్తాను. అవును, నీ కోసమే అడిగాను. బ్యాటరీ సైకిళ్ళు రెండు కొని, మా వరండాలో గోనెపట్టా కింద దాచాను. ఒకటి నీకు. ఒక్కడివే ఎక్కితే సిగ్గుపడతావని రెండోది నాకు.

ఇంకో సంగతి. ఉగాది నుంచి నా గుండె బాగాలేదు. డాక్టరు కొండ వద్దన్నారు. మోటారు సాయం ఉంటే మెల్లగా వెళ్ళవచ్చన్నారు. అయినా ఆ మామూలు సైకిలు మీదే వచ్చాను. పులిబండ దగ్గర నువ్వు కాలు ఆనించి ఆయాసపడుతుంటే నిన్ను వదిలేసి నేనెలా మానేది? నేను మానేస్తే నువ్వూ మానేస్తావని భయం. నిజం చెప్పాలంటే, నువ్వు ఆగినప్పుడు ఆగబట్టే నేను పైదాకా చేరేవాణ్ణి.

ఇప్పుడు మా ఆవిడ శివపార్వతికి తెలిసింది. బాగా ఏడ్చింది. సైకిలుకి తాళం వేసింది. ఇక నేను రాను నారపా. కొండ నువ్వు చూసుకో. పులిబండ దగ్గర తొందరపడకు.

నీ
సీతారామారావు

తా.క.: తాళంచెవి కందిపప్పు డబ్బాలో దాచింది. నాకు తెలుసు. తెలిసీ తీయడం లేదు, అంతగా భయపడింది పిచ్చిది.


కురుగోడు
సెప్టెంబరు 5

సీతారామప్పా,

పోస్టు డబ్బా ఎదురుగానే ఉన్నా మూడు దినాలు నడవలేకపోతి.

నా కాలికి ఏమీ కాలేదప్పా. అప్పుడూ కాలేదు, ఇప్పుడూ కాలేదు.

రెండేళ్ళ కిందట ఒక ఆదివారం పులిబండ కాడ ఎనక నుంచి నీ ఊపిరి ఇనపడింది. కొలిమితిత్తి మాదిరి కొడతాండె. ఆగప్పా అంటే నువ్వు ఆగే మనిషివా? ఇంకా గట్టిగా తొక్కుతావు. అందుకని నేనే కాలు ఆనిస్తి. నువ్వు నన్ను చూసి నవ్వితివి. నవ్వి, ఆగితివి. నాకు అంతే కావాల్సింది. అప్పటినుంచి ప్రతి ఆదివారం ఆనిస్తానే వచ్చినా. నాది ఆయాసం కాదు, సుమ్మనే, ఉత్తుత్తికి ఒగర్చేది.

నీ గుండె చూపించుకో అని ఒక్క మాట అనింటే సరిపోయేది. నీకు చిన్నతనమయితాదని నేను చెప్పలేదు. నాకు చిన్నతనమయితాదని నువ్వు చెప్పలేదు. ఇద్దరం ముసలి గాడిదలం.

నిన్న మళ్ళా ఇంటింటికీ పోయినా. ఓటు తప్పు వేస్తి, మళ్ళా పెట్టండప్పా అని అడుక్కున్నా. హులిగేశ్ తీర్మానం కాయితం తెచ్చి చూపించినాడు. రెండేళ్ళు ఎత్తగూడదని నేను రాయించిందే, కింద నీ సంతకం. కార్యదర్శి ఊ అంటే మాకు సరే అన్నారు అందరూ. నువ్వు అనవు. సంతకం పెట్టిన మాట నువ్వు తప్పవు, నాకు తెలుసు. నీ గుండెకు రెండేళ్ళు ఓపిక పట్టమని చెప్పాలంటే ఎవురికి ఉత్తరం రాయాలప్పా?

ఆదివారం నేనూ పైకి పోను. హొన్నూరమ్మ అంగడి ముందర బెంచీ ఉండాది. బస్సెక్కి రా. శివపార్వతమ్మను కూడా తోడుకొని రా. పైకి పోయేటోళ్ళను చూస్తా కూర్చుందాం. ఈ రెండేళ్ళూ నా కాలు నేల మీదే ఉంటాది. రూలు ప్రకారం ఒగ్గాణి, మిర్చి నేనే పెట్టించాల.

నీ
నారప

తా.క.: నువ్వు మిర్చి తినొచ్చునో లేదో డాక్టర్ని అడిగి రాయి. వద్దంటే చెప్పు, నేనూ మానేస్తా. హొన్నూరమ్మ మళ్ళా మొక్కుకుంటాదిలే.