నీరజ ఎత్తు

పర్వత్ పాటియా, సూరత్
జూన్ 2021

అనూ,

నేను కులాసా. ఫోన్ నీరజ క్లాసులకు అక్కడే ఉండనీ, నాకు కార్డు చాలు.

కరోనాతో బట్ట నేసే సాంచాలు ఆగినా నా కళ్లలో హైదరాబాదు పెద్ద పార్కు రంగులరాట్నం తిరుగుతూనే ఉంది. పార్కు తెరవగానే ముగ్గురం పోదాం. ఇక్కడ నా గదిలోనే ఉండే సంపత్ చూసొచ్చాడట. "అన్నా, పొట్టి పిల్లల్ని పెద్ద ఊయల ఎక్కనియ్యరు. గేటు కాడనే ఎత్తు జూస్తరు" అన్నాడు. నా ఛాతీ దాకా రావాలట. గోడ మీద గీత గీసి, రోజూ దాని పక్కన మన పిల్లను ఊహించుకుంటున్నాను. నేనొచ్చేటప్పుడు నా నడుము దాకే ఉంది. ఇప్పుడెన్ని జానలుందో నీ చేత్తో కొలిచి రాయి.

అవ్వకు టీకా వేయించావా? ఇల్లు కురుస్తోందా?

నీరజకు ముద్దులు. గీత దాకా తొందరగా పెరగమను. మరీ పెరగనివ్వకు, ఆ ఊయల్లో దాన్ని నేనే ఎత్తి కూర్చోబెట్టాలి.

నీ
పర్శరాములు