కుట్టుమిషను దీపం

అక్కా, నేను కులాసా, బెంగపడకు.

నిన్న కాఫీహోటల్లో పాడాను. నా పాట నాకు వినపడాలని స్పీకరును నా వెనక పెట్టుకుంటే మైకు చెవులు చిల్లులు పడేలా కీచుమంది. "మీ గొంతే అంతేమో" అన్నాడు యజమాని. స్పీకరును మైకుకు ముందుకు జరిపాను. అరుపు ఆగింది, జనం విన్నారు. కానీ నడినెత్తి మీది బల్బుకు నా కళ్ళు గుంటల్లా కనిపించాయట. ముందు వరస పాప "దెయ్యం పాడుతోంది" అంటూ తల్లి ఒళ్ళో దూరింది. యజమాని గొణిగాడు, అయినా ఆదివారం మళ్ళీ అక్కడే పాడతాను.

అమ్మ మోకాలు ఎలా ఉంది? కుళాయి బాగుచేయించారా? నీ కుట్టుమిషనుకున్న మెడ వంగే దీపం బావ చేత పంపు. ముఖానికి పక్కగా పెట్టుకుంటాను. నువ్వు పగలు కుట్టుకో.

అమ్మకు దణ్ణాలు, పిల్లలకు ముద్దులు. ఈసారి ఆ పాప పాటంతా నా ముఖం చూస్తూ వినాలి.

నీ చెల్లి