అత్తయ్య కాలి మీది పొర

మీకు,

ఇక్కడ అత్తయ్యా నేనూ క్షేమం. ఓడ ఇంజను గదిలో చల్లదనం ఉండదని తెలుసు, అయినా మీరు చల్లగా ఉండాలనే కోరుకుంటున్నాను. "క్షేమం" అని రాసేముందు కలం కాసేపు ఆగింది. నెల కిందట రాసి ఉంటే అది అబద్ధమయ్యేది. ఇప్పుడు రాయవచ్చు.

మీ ఉత్తరంలో అడిగినవి ముందు చెప్పేస్తాను. వంటింటి కుళాయి కారడం ఆగింది. మొత్తం కుళాయే మార్చాలన్నాడు ప్లంబరు. అత్తయ్య కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చునేసరికి వాషరు మాత్రం మార్చి వెళ్ళాడు. షాపులో నా పని మామూలే. కళ్ళజోళ్ళ అద్దాలు అరగదీసి అరగదీసి సాయంత్రానికి నా చూపే మసకబారుతోంది. అత్తయ్య తిండి బాగానే తింటున్నారు. కాకపోతే పళ్ళెంలో ఏం వేసినా ముందు వాసన చూసి మరీ తింటున్నారు.

ఇక మీ అసలు ప్రశ్న. "అమ్మేమో ఈ ఇంట్లో ఏదో నడుస్తోందిరా అంటోంది. నువ్వేమో ఏం లేదండీ అంటావు. ఇద్దరిలో ఎవరిని నమ్మాలి?" అని రాశారు. మీ అమ్మనే నమ్మండి. ఏదో నడిచిన మాట నిజం. ఫోనులో ఎందుకు చెప్పలేదంటే, ఫోను మోగగానే ఆవిడ స్పీకరు నొక్కి ఒళ్ళో పెట్టుకుంటారు. నేను పొడిదగ్గు దగ్గినా దాని వెనక ఏముందా అని చూస్తారు. అందుకే ఉత్తరం.

ఆవిడ పిక్క మీద గడ్డ తీశారని మీకు తెలుసు. అది మంచి గడ్డ కాదనీ, మళ్ళీ రాకుండా చుట్టూ చాలా మేర చర్మమూ కండా తీసేశారనీ తెలుసు. ఆ తర్వాతిదే మీకు తెలియదు. కుట్లు వేయడానికి చర్మం చాలలేదు. అరచేయంత గాయం తెరుచుకునే ఉండిపోయింది. తొడ మీంచి పల్చగా చర్మం తీసి అతికిస్తామన్నారు డాక్టరు. అత్తయ్య ససేమిరా అన్నారు. "ఒక గాయం మాన్పడానికి ఇంకో గాయం చేస్తారా? రెండోది మానకపోతే మూడోది చేస్తారా?" అని అడిగితే ఆయన బలవంతపెట్టలేదు. మామూలు కట్లే కడుతూ వచ్చారు. గాయం పెరగలేదు, తగ్గలేదు. పాలిపోయి, పట్టనట్టు అలాగే పడి ఉంది. అలా ఎక్కువ కాలం వదిలేస్తే ఎముక దాకా పోతుందని డాక్టరు నాతో అన్నారు.

ఆ రోజే వరండాలోకి పిలిచి ఇంకో దారి ఉందన్నారు. శుద్ధి చేసిన చేప చర్మం గాయం మీద పరిచి కట్టు కట్టడం.

నా మొహం చూసి ఆయనే నెమ్మదిగా వివరించారు. "దాన్లో ప్రాణం ఉన్నదంతా కడిగి తీసేస్తారమ్మా. మిగిలేది పందిరి లాంటిది. తీగ పందిరిని పట్టుకుని పాకినట్టు మీ అత్తగారి కండ దాన్ని పట్టుకుని పెరుగుతుంది. పెరిగాక పందిరి దానంతటదే కరిగిపోతుంది."

నేను ఊరుకోలేదు. ఎంతమందికి వేశారని అడిగాను. కట్టు విప్పిన ప్రతిసారీ ఫొటోలెందుకు తీస్తున్నారని అడిగాను. మా అత్తగారి కాలు మీ పాఠాల కోసమా అని కూడా అనేశాను. ఆయన కోప్పడలేదు. "గాయం పక్కన స్కేలు పెట్టి తీస్తాం. కంటికి తెలియని తేడా కొలిస్తే తెలుస్తుంది. నేను వేసినవాళ్ళలో చాలామందికి మానింది, కొందరికి మానలేదు. మీకు అబద్ధం చెప్పను" అన్నారు. ఆ చివరి మాటతో నాకు నమ్మకం కుదిరింది.

కానీ చేప. మీకు నేను చెప్పాలా? ఫ్యాక్టరీలో రోజంతా చేపల తోలు ఒలిచిన చేతులతోనే ఆవిడ మిమ్మల్ని పెంచారు. పని మానేసిన రోజు రబ్బరు బూట్లు చెత్తకుండీలో పడేసి, చచ్చేదాకా చేప మొహం చూడనన్నారు. అప్పట్నుంచీ మన గుమ్మంలోకి చేప రాలేదు. అలాంటి మనిషి కాలికి చేప చర్మం. నేను ఆవిడతో "మందు పట్టించిన పొర" అన్నాను.

ఆవిడ బోర్లా పడుకుంటే సిస్టరు పొర పరిచింది. అంతా అయ్యాక ఆవిడ లేచి కూర్చుని నా వంక చూశారు. "మందు పొరైతే నాకు చూపించొచ్చుగా. కాళ్ళ దగ్గర నువ్వెందుకు అడ్డంగా నిలబడ్డావ్?"

"వెలుతురు పడుతుందని" అన్నాను.

"వెలుతురు పడితే ఏమవుతుంది?"

మంచినీళ్ళు తెస్తానని బయటికి వెళ్ళాను. అక్కడే దొరికిపోయాను. ఆ రోజు నుంచి ఆవిడ కళ్ళు నా మీదే. నేను వంటింట్లో ఫోను మాట్లాడితే ముందుగదిలో రేడియో గొంతు తగ్గిపోయేది. ఆసుపత్రిలో సిస్టరుని పక్కకు పిలిచి ఆరా తీశారు. ఆవిడకు చెప్పొద్దని నేను ముందే బతిమాలి ఉన్నాను, ఆ పిల్ల దూరంగా ఉన్న నా వైపు చూసింది. ఆ చూపుతో అత్తయ్య లెక్క ఒకటి కట్టేసుకున్నారు.

"కాలు తీసేస్తారు కదూ" అన్నారు ఇంటికొచ్చాక.

"అదేం మాట అత్తయ్యా."

"నాకు చెప్పరు. మత్తిస్తారు. మెలకువ వచ్చేసరికి దుప్పటి కింద ఒక్క కాలే ఉంటుంది. నువ్వు సరేనని ఉంటావు."

కాదని ఒట్టు పెట్టినా నమ్మలేదు. నమ్మేలా నేనెప్పుడు ఉన్నాను గనక. నాకూ ఆవిడ మీద అనుమానమే. ఒకరోజు దిండు కింద చేతి అద్దం కనబడింది. ఇంకోరోజు కట్టు కొస నేను అతికించినట్టు లేదు. ఆవిడ బాత్రూములో ఎక్కువసేపుంటే తలుపు దగ్గర చెవిపెట్టేదాన్ని. తలుపు తీసేసరికి అక్కడే నిలబడి ఉన్న నన్ను చూసి "కాపలా బాగుంది" అన్నారు. ఒకే ఇంట్లో రెండు పిల్లుల్లా ఒకరి అడుగు ఒకరం వింటూ బతికాం.

అప్పుడు వాసన మొదలైంది. "కుళ్ళిన చేప వాసన వస్తోంది" అన్నారు ఆవిడ. పక్కింటివాళ్ళు వండుతున్నారేమో అని కిటికీ మూశాను. మర్నాడూ అదే మాట. ఆ మర్నాడూ అదే. నాకేమీ తెలియలేదు.

తర్వాత ఒకరోజు షాపు నుంచి ఇంటికొచ్చేసరికి ఆవిడ కిటికీ పక్క కుర్చీలో ఉన్నారు. కాలు స్టూలు మీద ఉంది. కట్టంతా విప్పి, చక్కగా చుట్టి, పక్కన పెట్టి ఉంది. చేతిలో అద్దం.

"ఇలా రా" అన్నారు. "ఈ అంచు చూడు. పొలుసులు ఊడిన గళ్ళు. వల పరిచినట్టు లేదూ? ఇదేమిటో నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

నేను సంచీ కింద పెట్టి దగ్గరికి వెళ్ళాను.

"సరే. దాని సంగతి తర్వాత. ఈ మూల చూడు."

వంగి చూశాను. పొర నడుమంతా కరిగి గాయంలో కలిసిపోయి, దాని కింద దానిమ్మ గింజ రంగులో కొత్త కండ కనబడుతోంది. కానీ మడమ వైపు మూల పచ్చటి చీము. చుట్టూ చర్మం ఎర్రగా, ముట్టుకుంటే కాలుతోంది. ఆ దగ్గర్లో నాకూ వాసన తగిలింది.

వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు ఆ మూలంతా గీకి కడిగారు. ఆసుపత్రిలోనే ఉంచి ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. "చీము ఏ గాయానికైనా పట్టవచ్చు. ఇంకా ఆలస్యమై ఉంటే నడుమ పట్టిన కండ కూడా పోయేది. విప్పి చూసుకోవడం మంచిదే అయింది, కానీ వాసన వచ్చిన రోజే రావలసింది" అన్నారు. తర్వాత అత్తయ్య వైపు తిరిగి, "పెద్దమ్మా, చేప చర్మానికి మీరు ఒప్పుకున్నాక ఇంత అనుమానం ఎందుకొచ్చింది?" అన్నారు.

"నేనెప్పుడు ఒప్పుకున్నాను?" అన్నారు ఆవిడ.

డాక్టరు నా వైపు చూశారు.

ఇక్కడ రెండు మాటలు రాయాలి. పైన వాటిని దాటేశాను. ఒకటి: ఆ రోజు వరండాలో డాక్టరు "ఆవిడతో మాట్లాడి, ఆవిడ మాటగా నాకు చెప్పండి" అన్నారు. మర్నాడు వెళ్ళి "ఒప్పుకున్నారు" అని చెప్పాను. ఆవిణ్ణి అడగనే లేదు. అబద్ధం చెప్పనన్న మనిషికి నేను చెప్పింది అది. అడిగితే కాదంటారు, కాదంటే కాలు దక్కదు అనుకున్నాను. అనుకున్నది నేను, కాలు ఆవిడది.

రెండోది ఇంకా రాయబుద్ధి కావడం లేదు. వాసన నాకేమీ తెలియలేదని రాశాను. నిజానికి నేను ముక్కు దగ్గర పెట్టి చూడనే లేదు. చేప అనగానే గుట్టు బయటపడిందనుకున్నాను. ఆవిడ నోరు మూయించడమే నాకు కావలసింది. మూడోసారి అన్నప్పుడు "వయసు మీద పడి మీ ముక్కు కూడా అబద్ధాలు చెబుతోంది అత్తయ్యా" అన్నాను. శుద్ధి చేసిన చర్మానికి వాసనే ఉండదట, డాక్టరు చెప్పారు. ఆవిడకు వచ్చింది చీము వాసన. నా అబద్ధం కాపాడుకోవడానికి ఆవిడ నిజాన్ని అబద్ధం చేశాను. చివరికి ఆవిడ అనుమానమే ఆవిడ కాలిని కాపాడింది.

డాక్టరు ఆ గదిలోనే కుర్చీ జరుపుకుని ఆవిడ ఎదురుగా కూర్చుని, నాకు చెప్పినదంతా మొదటి నుంచీ ఆవిడకే చెప్పారు. మానని వాళ్ళ సంగతి కూడా చెప్పారు. చీము తగ్గాక మళ్ళీ వేయమంటే వేస్తానని, వద్దంటే మామూలు కట్లే కడతానని అన్నారు. ఆలోచించుకుంటానన్నారు ఆవిడ.

ఆయన వెళ్ళాక మంచం పక్కన నిలబడ్డాను.

"ఎందుకు చెప్పలేదు?"

"వద్దంటారని."

"అననూవచ్చు. తిట్టనూవచ్చు. కానీ చెప్పి ఉంటే వాసన అన్న రోజే నా మాట వినేదానివి. కాలు కోసేస్తారేమోనని ఇన్నాళ్ళూ కళ్ళు మూసుకోవడానికి భయపడ్డాను, తెలుసా?"

తెలియదన్నాను. భయం తెలుసు, నిద్రపోవడం లేదని మాత్రం నిజంగానే తెలియదు.

రెండో రోజు డాక్టరు రాగానే ఆవిడే అన్నారు: "వెయ్యండి. వేసేముందు పొట్లం నా చేతికివ్వండి. ఫొటో తీసినప్పుడల్లా నాకు చూపించండి. ఈవిడ చెప్పిందని ఏదీ చేయకండి." ఈవిడ అంటే నేనే. డాక్టరు అన్నిటికీ తల ఊపారు. చీము తగ్గాక పొట్లం విప్పినప్పుడు ఆవిడ చేతి తొడుగులు వేయించుకుని ఆ చర్మాన్ని వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూశారు. "ఒలిచినవాళ్ళు శుభ్రంగానే ఒలిచారు" అని సిస్టరు చేతికిచ్చి, బోర్లా తిరిగి పడుకున్నారు.

ఇప్పుడు గాయం పూడుతోంది. అంచుల నుంచి చర్మం లోపలికి పాకుతోంది. మొన్న ఫొటోలో సగానికి తగ్గింది. కర్ర లేకుండా వాకిలి దాకా నడిచారు. మనసులు మాత్రం కాలంత త్వరగా మానలేదు. నేను మందుబిళ్ళ ఇస్తే అట్ట తిప్పి పేరు చదివి మింగుతున్నారు. పళ్ళెంలోది వాసన చూస్తున్నారు.

ఇక ఆవిడకు తెలియకుండా ఏదీ చేయకూడదని, ఈ ఉత్తరం కవరులో పెట్టేముందు ఆవిడ ఎదురుగా కూర్చుని మొత్తం చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నారు.

"ఒకటి వదిలేశావు" అన్నారు.

ఏమిటో గుర్తురాక భయపడ్డాను.

"చీము కడిగిన రోజు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడిచావు. అది రాయలేదు."

"మీరు చూశారా?"

"కిటికీలోంచి. నిజం ఏడుపో, నేను చూస్తున్నానని ఏడుపో తేల్చుకుందామని చాలాసేపు చూశాను."

"ఏం తేలింది?"

"ముక్కు చీది, లేచి, రెండు మెట్లెక్కి, మళ్ళీ కూలబడి ఏడిచావు. చూపించుకోవడానికి ఏడ్చేవాళ్ళు అంత వికారంగా ఏడవరు. అది కూడా రాయి."

రాశాను.

ఇట్లు,
మీ అమ్మగారి కోడలు