నీ సీరియలు అయిపోయింది

మేరీకి,

నా దస్తూరీ బాగుండదు, తప్పులు కూడా ఉంటాయి. ఏమీ అనుకోకు.

నువ్వు పోయిన నెలకి అబ్బాయి డిష్షు పెట్టించాడు. రెండు వందల చానళ్లట. రిమోటు ఎప్పుడూ నీ చేతిలోనే ఉండేది కదా, నాకు కళ్లు తిరిగాయి. బిగించడానికి తాడేపల్లిగూడెం నుంచి వచ్చినతను, "మీరు చూసేవి చెప్పండి బాబాయిగారూ, అవే ముందు వచ్చేలా పెడతాను" అన్నాడు. నాకు గుర్తున్నవి నీవే. ప్రార్థన, వంటలు, నీ సీరియలు చెప్పాను. "అన్నీ పిన్నిగారివేనా! మరి మీకేం వద్దాండీ?" అని నవ్వాడు. అవే పెట్టమన్నాను.

నిన్న నీ జ్ఞాపకార్థ కూడిక జరిగింది. సాయంత్రం నీ సీరియలు కూడా అయిపోయింది. ఏలూరు ఆసుపత్రిలో మంచం మీద అడిగావు, "ఏవండీ, ఆ పిల్ల వాళ్లమ్మ దగ్గరకి చేరుతుందంటారా?" అని. "ముందు నువ్వు పడుకో" అని కసిరాను. చేరింది, మేరీ. అప్పటికే తల్లి పోయింది. పిల్ల గడప మీద కూలబడిపోయింది. అక్కడితో ఆపేశారు.

ఇవాళ అదే వేళకి ఆ చానలు నంబరు నొక్కాను. ఇంకెవరిదో కథ వస్తోంది. వాళ్లెవరో నాకు తెలియదు. దాన్ని తీయించి అక్కడ ఏం పెట్టించమంటావో, తొందరగా జవాబు రాయి.